పాత ఇంటికి కొత్త ఉద్యోగం: గ్రామీణ కట్టడాల పునరుద్ధరణపై ఒక బ్యాంకరు పరిశీలన

‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్నారు పెద్దలు. మన పల్లెల్లోని ఇళ్ల విషయంలో ఈ సామెత అక్షరాలా నిజమవుతోంది. పండగకి సొంతూరు వెళ్లిన ప్రతిసారీ వీధిలో ఒక మండువా లోగిలి తగ్గి, ఒక కాంక్రీటు డాబా పెరిగి ఉంటుంది. కూల్చినవాళ్లను తప్పుపట్టలేం. పైన కారుతున్న పెంకులు, చెదపట్టిన వాసాలు, లోపల ఇద్దరు వృద్ధులు, పిల్లలు తలా ఒక నగరంలో. ఇలాంటి ఇంటిని కూల్చడమో, దాని ఖర్మకు వదిలేయడమో తప్ప ఇంకో దారి లేదనే చాలా కుటుంబాలు అనుకుంటున్నాయి. మూడో దారి ఉందా? ఉంటే దానికి లెక్క కుదురుతుందా? ఈ రెండు ప్రశ్నలనూ ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

నేను ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో రుణాల విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగరీత్యా గురుగ్రామ్, రేవాడీ, అల్వర్ వైపు వెళ్తుంటాను. అక్కడి పల్లెల్లోనూ ఇదే దృశ్యం. మన మండువాకు బదులు అక్కడ హవేలీ, మన చావడికి బదులు చౌపాల్, మన డంగు సున్నం గోడకు బదులు సన్నటి లఖోరీ ఇటుకతో సున్నంలో కట్టిన గోడ. పేర్లు వేరైనా కథ ఒకటే. అందుకే ఇక్కడ నేను చూసింది, చదివి తెలుసుకున్నది మన తెలుగు కుటుంబాలకు పనికొస్తుందని రాస్తున్నాను.

విలువ కట్టడంలోనే చిక్కు

ఇంటి రుణానికి దరఖాస్తు వస్తే మనం వాల్యుయర్ నివేదిక తెప్పిస్తాం. అందులో స్థలం విలువ వేరుగా, కట్టడం విలువ వేరుగా ఉంటాయి. కట్టడానికి ఆయుష్షు ఇన్నేళ్లని అనుకుని, గడిచిన ఏళ్లకు తరుగుదల తీసేస్తారు. ఆయుష్షు 60 ఏళ్లు, చివర్లో మిగిలే సామగ్రి విలువ 10 శాతం అనుకుందాం. అప్పుడు 90 ఏళ్ల ఇంటికి కాగితం మీద మిగిలేది ఆ 10 శాతమే. రెండడుగుల మందం గోడలు, టేకు దూలాలు, వేసవిలోనూ చల్లగా ఉండే నడవ, ఇవేవీ ఆ లెక్కలోకి రావు.

ఇది వాల్యుయర్ తప్పు కాదు. రుణం తీరకపోతే అమ్మితే ఏమొస్తుందన్నదే ఆ నివేదిక చెప్పాలి. కానీ దాని ఫలితం గమనించండి. పాత ఇల్లు కాగితం మీద సున్నాకు చేరగానే, ‘కూల్చి కడితేనే విలువ’ అన్న మాట కుటుంబంలో ఖాయమైపోతుంది.

పన్నుల్లోనూ ఇలాంటి తేడానే ఉంది. ఆదాయపు పన్ను పాత విధానంలో, సొంతంగా నివసించే ఇంటి కొనుగోలుకో నిర్మాణానికో తీసుకున్న రుణంపై వడ్డీకి, షరతులకు లోబడి, ఏడాదికి రూ.2 లక్షల దాకా మినహాయింపు ఉంది. అదే ఇంటి మరమ్మతుకు తీసుకున్న రుణమైతే ఆ పరిమితి రూ.30,000 మాత్రమే. అంటే కొత్తగా కట్టేవాడికి దొరికే ఊరటలో ఆరో వంతు కూడా నిలబెట్టేవాడికి దొరకదు.

చట్టం రక్షిస్తుందిలే అనుకోవడానికీ లేదు. దేశం మొత్తం మీద భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్న కట్టడాలు సుమారు 3,700. లక్షల పల్లెలున్న దేశంలో ఇది ఎంత? మిగిలిన ఇళ్లు, చావడులు, బావులు, సత్రాలు యజమానుల చేతిలోనో, పంచాయతీల చేతిలోనో ఉన్నాయి. వాటిని నిలబెట్టేది చట్టం కాదు, అవసరం. నా పరిశీలనలో తేలింది ఒక్కటే: పని ఉన్న కట్టడం నిలుస్తుంది, పని లేనిది కూలుతుంది. మనిషికి లాగే ఇంటికీ ఒక ఉద్యోగం కావాలి.

నీమ్‌రాణా చెప్పే పాఠం

ఢిల్లీ నుంచి జైపూర్ జాతీయ రహదారి మీద సుమారు 120 కిలోమీటర్లు వెళ్తే నీమ్‌రాణా వస్తుంది. మొన్నమొన్నటి దాకా అల్వర్ జిల్లాలో ఉండేది. 2023లో ఏర్పడిన కోట్‌పుత్లీ-బహ్‌రోడ్ జిల్లాలోకి ఇప్పుడు చేరింది. అక్కడ కొండ వాలుకు ఆనుకుని మెట్లు మెట్లుగా చౌహాన్ రాజుల కోట ఉంది. 1464లో మొదలైన కట్టడం. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో రాజకుటుంబం కొండ దిగువన ఉన్న మరో భవనానికి మారింది. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు కోట ఖాళీగా ఉండిపోయింది. కప్పులు కూలాయి, ముందు భాగం పడిపోయింది. కొనే నాథుడు లేడు.

షేఖావతీ ప్రాంతపు గోడచిత్రాల మీద పుస్తకం రాయడానికి తిరుగుతున్న అమన్ నాథ్, ఫ్రాన్సిస్ వాక్జియార్గ్ అనే ఇద్దరి కంట ఈ శిథిలం పడింది. 1986లో కోట వారి చేతికి వచ్చింది. 1991లో కొద్ది గదులతో అతిథుల కోసం తెరిచారు. ఆ తర్వాత ఒక్కొక్క భాగాన్నీ బాగుచేస్తూ పోయారు. ఇప్పుడక్కడ 70కి పైగా గదులున్నాయి.

మేనేజ్‌మెంట్ చదివినవాడిగా నాకు ఇందులో మూడు విషయాలు ముఖ్యమనిపించాయి. మొదటిది, పని విడతలవారీగా సాగడం. కోట మొత్తం బాగుచేశాకే తెరుద్దామని కూర్చుంటే వడ్డీ భారమే ముంచేది. రెండోది, ఉన్నదాన్ని ఉన్నట్టుగా వాడుకోవడం. గదులన్నీ ఒకే కొలతలో లేవు, ఒకే మట్టంలో లేవు. మామూలు హోటలుకు అది లోపం. ఇక్కడ మాత్రం జనం అందుకోసమే వస్తారు. మూడోది, ఊరికి దగ్గరగా రహదారి, రహదారి చివర ఢిల్లీ ఉండటం. ఈ మూడోది ప్రతి ఊరికీ ఉండదు. నీమ్‌రాణా కథ చెప్పి ‘మీ ఇల్లూ హోటలు చేయండి’ అనేవాళ్లు ఈ సంగతి దాటవేస్తారు.

అదే సంస్థ తిజారాలో మరో పద్ధతి అనుసరించింది. 19వ శతాబ్దంలో మొదలై అసంపూర్తిగా ఆగిపోయిన కోటను రాజస్థాన్ ప్రభుత్వం నుంచి లీజుకు తీసుకుని, పూర్తిచేసి, 2016లో తెరిచింది. ఆస్తి ప్రభుత్వానిదే, పెట్టుబడి, నిర్వహణ సంస్థవి. పెద్ద కట్టడాలను అమ్మకుండానే బతికించవచ్చని ఇది చూపిస్తోంది.

కోట గది అద్దె ఆ ఊరి రైతుకు అందేది కాదన్నది కూడా ఒప్పుకోవాలి. ఊరికి దక్కేది ఉద్యోగం, సరకుల అమ్మకం, మేస్త్రీలకు పని. అవి దక్కుతున్నంత వరకే దాన్ని సుస్థిర అభివృద్ధి అనగలం. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 11వది ఆవాసాల గురించి. అందులోనే వారసత్వ సంపద రక్షణ కూడా ఉంది. ఇంటినీ ఊరి బతుకునూ కలిపి చూడాలన్నది అందులోని అర్థం.

సున్నం సంగతి

పాత ఇంటికి ఎక్కువగా నష్టం చేసేది చాలాసార్లు మనం ప్రేమగా చేయించే మరమ్మతే. గోడ పెచ్చులూడితే సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తాం. రెండేళ్లకు అది బుడగల్లా ఉబ్బి, లోపలి ఇటుకతో సహా ఊడి పడుతుంది. అప్పుడు గోడ పాతదైపోయిందని తీర్మానిస్తాం.

కారణం తేలికైనదే. పాత గోడ నేలలోని చెమ్మను పీల్చి, పైపూత గుండా బయటికి వదులుతుంది. సున్నపు పూత ఆ తేమను పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. మండు వేసవిలో రెయిన్‌కోటు తొడిగినట్టు, చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుకను గుల్ల చేస్తుంది. పైగా సిమెంటు గట్టిది, పాత ఇటుక మెత్తనిది. గోడ కాస్త కదిలినా పగుళ్లు ఇటుకలోకే వస్తాయి.

ఈ పాఠానికి పెద్ద ఉదాహరణ ఢిల్లీ నగరంలోనే ఉంది. హుమాయూన్ సమాధిని ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, పురావస్తు సర్వేక్షణ సంస్థతో కలిసి 2007 నుంచి 2013 దాకా పునరుద్ధరించింది. గత శతాబ్దంలో కప్పు మీద పొరలు పొరలుగా పోసిన కాంక్రీటును దాదాపు 10 లక్షల కిలోల మేర తీసేశారు. గోడలకు పట్టించిన సిమెంటు తీసి మళ్లీ సున్నం పెట్టారు. అంటే 20వ శతాబ్దపు మరమ్మతును సరిదిద్దడమే 21వ శతాబ్దపు మరమ్మతులో పెద్ద భాగమైంది.

సున్నం పని మనకు తెలియనిది కాదు. సున్నపురాయి కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఇసుకతో గానుగలో వేసి ఎద్దులతో తిప్పించేవారు. అదే డంగు సున్నం. పట్టు కోసం మన వైపు బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. ఉత్తరాదిన బెల్లంతో పాటు మారేడు గుజ్జు, మినప్పప్పు, ఇటుక పొడి వాడేవారు. ఊళ్లో డెబ్బై ఏళ్ల తాపీ మేస్త్రీ ఉంటే అడిగి చూడండి, పాళ్లు చెబుతాడు. ఆయన తర్వాత చెప్పేవాళ్లు ఉండరు.

పర్యావరణం లెక్క కూడా ఇక్కడే ఉంది. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7-8 శాతం సిమెంటు తయారీ వల్లనే. సిమెంటు బట్టీకి సుమారు 1,450 డిగ్రీల వేడి కావాలి, సున్నానికి 900 డిగ్రీలు చాలు. పైగా సున్నం గోడ మీద ఆరుతూ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత తిరిగి పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పాత ఇంటి ఇటుక కాల్చడానికైన ఖర్చు, పొగ ఎప్పుడో అయిపోయాయి. కూలిస్తే రెండూ మళ్లీ మొదలు. చలికాలంలో గాలి నాణ్యత బాగా పడిపోయినప్పుడల్లా ఎన్‌సీఆర్‌లో నిర్మాణాలను, కూల్చివేతలను ఆపించే ఆంక్షలు వస్తుంటాయి. ఆ ధూళి పీల్చేవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు ఎటు పోతుంది?

కొత్త ఇల్లు కడితే డబ్బులో పెద్ద వాటా సిమెంటు, ఇనుము, టైల్స్ రూపంలో ఊరు దాటి ఫ్యాక్టరీలకు వెళ్లిపోతుంది. పాత ఇంటిని బాగుచేస్తే సామగ్రి చాలావరకు అక్కడే ఉంటుంది. ఖర్చయ్యేది చేతిపని మీద. తాపీ మేస్త్రీ, వడ్రంగి, రాతిపనివాడు, పెంకులు నేసేవాడు, కూలీలు. వాళ్లు ఆ డబ్బుతో ఊరి కొట్లోనే సరకులు కొంటారు. ఒకే రూపాయి ఊళ్లో నాలుగు చేతులు మారుతుంది.

హుమాయూన్ సమాధి పనిలో చేతివృత్తుల వారికి దాదాపు 2 లక్షల పనిదినాలు దొరికాయి. ఏడాదికి 280 పనిదినాలు అనుకుంటే, ఆరేళ్లపాటు రోజూ సుమారు 120 మందికి పని దొరికినట్టు. అది ప్రపంచ వారసత్వ కట్టడం, మన ఊరి ఇల్లు కాదు. కానీ సూత్రం ఇంటికీ వర్తిస్తుంది. పునరుద్ధరణ ఖర్చులో ఎక్కువ భాగం జీతంగా మారుతుంది.

దీనికి మరో పక్క కూడా ఉంది. చేతిపని ఎక్కువ కాబట్టి ఆలస్యం ఎక్కువ. సున్నం తొందరపెడితే గట్టిపడదు. మేస్త్రీ దొరకడం కష్టం, దొరికితే కూలి ఎక్కువ. మరమ్మతు ఎప్పుడూ చవకే అని నేను చెప్పను. ఒక్కోసారి కొత్త ఇంటికి సమానంగానూ అవుతుంది. అందుకే ఇంటికి ఏ పని ఇస్తామో ముందే తేల్చుకోవాలి.

హోటలు ఒక్కటే ఉద్యోగం కాదు

మన ప్రాంతంలో దోమకొండ గడి చక్కని ఉదాహరణ. కామారెడ్డి జిల్లాలోని ఈ కోటను సంస్థానాధీశుల వారసులు ఏళ్ల తరబడి శ్రమించి బాగుచేయించారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దీనికి ‘మెరిట్’ పురస్కారం దక్కింది. అదే ఏడాది హైదరాబాదులోని గోల్కొండ కుతుబ్‌షాహీ మెట్లబావులకు కూడా పురస్కారం వచ్చింది. మెట్లబావిలో అతిథి గదులు వేయలేం. దాని ఉద్యోగం నీళ్లు పట్టడమే. పూడిక తీసి, గోడలు కట్టాక ఆ బావులు మళ్లీ వాననీటిని నిల్వచేస్తున్నాయి. కట్టడానికి కొత్త పని వెతికే ముందు దాని పాత పని ఇప్పటికీ అవసరమా అని చూడాలన్నది ఇందులోని పాఠం.

విదేశాల్లో ఇటలీ అనుభవం మన పల్లెలకు దగ్గరగా ఉంటుంది. 1976లో ఫ్రియులి ప్రాంతంలో భూకంపం వచ్చి ఊళ్లు ఖాళీ అయ్యాక అక్కడ ఒక ఆలోచన పుట్టింది. ఒక పెద్ద హోటలు కట్టే బదులు, ఊరంతా చెదిరి ఉన్న ఖాళీ ఇళ్లను బాగుచేసి ఒక్కొక్కదాన్ని ఒక్కో గదిగా వాడటం. ఒకరి ఇంట్లో బస, ఇంకొకరి ఇంట్లో భోజనం. ఇప్పుడు ఆ దేశంలో చాలా ఊళ్లలో ఈ పద్ధతి నడుస్తోంది. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు, లాభం ఒకరి దగ్గరే ఉండిపోదు.

అతిథులు రాని ఊళ్లకు వేరే పనులున్నాయి. స్వయం సహాయక సంఘం కుట్టు కేంద్రం, గ్రంథాలయం, పిల్లల ట్యూషన్ గదులు, వృద్ధుల పగటి విశ్రాంతి గృహం, మన బిజినెస్ కరస్పాండెంట్ కూర్చునే గది. అద్దె తక్కువే కావచ్చు. కానీ రోజూ తలుపు తీసేవాళ్లుంటే కప్పు కారడం మొదటి వానకే తెలుస్తుంది. మూసి ఉన్న ఇంట్లో అది గోడ కూలాక తెలుస్తుంది.

కాగితాలు, రుణాలు

మన ఊళ్లో గ్రామకంఠం, హర్యానాలో లాల్‌డోరా. పేరేదైనా, ఊరి నడుమ ఇళ్ల స్థలాలకు చాలాచోట్ల పట్టాలు ఉండవు. పట్టా లేకపోతే తాకట్టు లేదు, రుణం లేదు. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం డ్రోన్లతో ఆ స్థలాలను కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చే ప్రయత్నం. హర్యానా మొదటి విడత రాష్ట్రాల్లో ఒకటి. పాత ఇళ్లకు ఇదొక కీలకమైన మార్పు.

రుణాల సంగతి కొస్తే, దెబ్బతిన్న ఇళ్ల మరమ్మతుకిచ్చే రుణాలను రిజర్వు బ్యాంకు నిర్ణీత పరిమితి దాకా ప్రాధాన్య రంగంలోనే లెక్కిస్తుంది. ఇంట్లో అతిథి గదులు నడపదలిస్తే ముద్ర రుణాలున్నాయి. హోమ్‌స్టేలకు ముద్ర రుణాలిస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ముద్ర కింద రూ.10 లక్షల దాకా, ముందు తీసుకున్న తరుణ్ రుణం సక్రమంగా తీర్చినవారికి రూ.20 లక్షల దాకా అవకాశం ఉంది. యజమాని కుటుంబం అక్కడే నివసిస్తూ ఒకటి నుంచి ఆరు గదులు అతిథులకిచ్చే పద్ధతికి కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు కూడా ఉంది.

మనం బ్యాంకువాళ్లం చేయగలిగిన మరో పని శిక్షణ. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన నమూనాలోంచి వచ్చినవే నేటి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు. బ్యాంకులే వీటిని జిల్లాల్లో నడుపుతున్నాయి. తాపీపనికి శిక్షణ ఉన్నచోట ఒక వారం సున్నం పనికి కేటాయించి, ఊరి పెద్ద మేస్త్రీని గురువుగా పిలిస్తే, ఆ విద్య ఇంకో తరం బతుకుతుంది. ఖర్చు కూడా స్వల్పం.

కూల్చే ముందు చూడాల్సినవి

ప్రతి పాత ఇంటినీ నిలబెట్టాలని నా ఉద్దేశం కాదు. పునాది కుంగిన ఇల్లు, మనుషుల ప్రాణానికి ముప్పైన గోడ తీసేయాల్సిందే. ఢిల్లీ లాంటి భూకంప ముప్పు ఎక్కువున్న చోట ఇంకా జాగ్రత్త కావాలి. నిర్ణయానికి ముందు ఈ వరస పాటిస్తే మేలు.

1. వారసులందరూ కూర్చుని, ఇల్లు ఎవరి పేరున ఉందో, ఎవరు చూసుకుంటారో కాగితం మీద రాసుకోవాలి. ఇళ్లను వాన కంటే ఎక్కువగా కూల్చేది వాటాల తగాదా.

2. ఇంటి కొలతలు, అన్ని గదుల ఫొటోలు తీసి దాచాలి. చివరికి కూల్చినా ఆ నమోదు మిగులుతుంది.

3. పాత కట్టడాలు తెలిసిన ఇంజినీరుకు చూపించాలి. కాంక్రీటు మాత్రమే తెలిసినవారు చాలాసార్లు కూల్చమనే అంటారు.

4. ముందు నీటి సంగతి చూడాలి. పెంకులు సర్దడం, చూరు నీళ్లు గోడకు దూరంగా పోయేలా కాలువ తీయడం. రంగులు, అలంకారాలు ఆఖరున.

5. సున్నం పూత ముందు ఒక చిన్న గోడ మీద వేయించి, ఒక వానాకాలం చూశాకే మిగతా ఇంటికి వెళ్లాలి.

6. స్నానాల గదులు, వంటగది, కరెంటు తీగలు కొత్తగా, ఈ కాలానికి తగ్గట్టు ఉండాలి. పెరటి వైపు కట్టుకుంటే పాత గోడలకు చెమ్మ అంటదు. సౌకర్యం లేని ఇంట్లో పిల్లలు ఉండరు, ఉండని ఇల్లు నిలవదు.

7. ఇంటికి ఏం పని ఇస్తున్నామో, ఏడాదికి నిర్వహణ ఖర్చు ఎంతో, అది ఎక్కడి నుంచి వస్తుందో రాసుకోవాలి. ఈ మూడిటికీ జవాబు ఉంటేనే రుణానికి వెళ్లాలి.

పట్నంలో ఉద్యోగం చేసే పిల్లలు, పల్లెలో ఇల్లు ఉన్న కుటుంబాలు మన బ్యాంకులో చాలా ఉన్నాయి. కూల్చివేతకు బేరం ఒక్క పూటలో కుదిరిపోతుంది, కూల్చాక వెనక్కి తెచ్చుకోలేం. ఈసారి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు టేపు, పుస్తకం వెంట తీసుకెళ్లండి. అటక మీది దూలం ఏ కర్రో, గోడలో సున్నం ఎవరు కలిపారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఆ తర్వాత పై ఏడు ప్రశ్నలకూ జవాబులు వెతకండి. లెక్క కుదరకపోతే కూల్చండి. కుదిరితే ఆ కాగితంతో మీకు దగ్గరలోని మన శాఖకు రండి.